కుందేలు ఏడుపు క్యాసెట్

షాంటిలీ అనే విదేశీ ఊళ్లో ఇంజనీరుగా పనిచేసే దైవాశీర్వాదం రెండేళ్లుగా నక్కల వేటకు వెళ్తున్నా ఒక్క నక్కా ఆయన కంటపడలేదు. పొలం గట్టున ఎరగా పుల్లకు ఈకలు కట్టేవాడు. దెబ్బతిన్న కుందేలు ఏడుపు క్యాసెట్ స్పీకర్లో వినిపించేవాడు. "ఈ నక్కలకి చెవులున్నాయా అసలు!" అని తిట్టుకుంటూ చలికి బిగుసుకుపోయేవాడు.

1984 జనవరిలో ఒక శనివారం పొద్దున బటన్ నొక్కితే కుందేలుకు బదులు చర్చి పాట మొదలైంది. ఆయన భార్య నవోమి అదే క్యాసెట్ మీద క్వాయర్ ప్రాక్టీస్ రికార్డ్ చేసేసింది.

"నవోమీ, కొంప ముంచావు కదే!" అని ఇంట్లో ఉన్న భార్యను తిట్టుకున్నాడు.

తుపాకీ చెట్టుకు ఆనించి, టేపు ఆపడానికి పరుగెత్తాడు. అప్పటికే పాటలో ఆయన ఒక్కడే పాడిన చరణం వచ్చింది. "శ్రుతి తప్పుతున్నారు బ్రదర్" అని క్వాయర్ లీడర్ ఆయన చేత మాన్పించిన చరణం అది.

పొదలోంచి నక్క దూసుకొచ్చింది. నాలుక చప్పరిస్తూ స్పీకర్ చుట్టూ తిరిగి, ఆయన్ని చూసి మాయమైంది.

ఇంటికొచ్చి బూట్లు విసిరికొట్టి, జరిగింది చెప్పాడు.

"క్వాయర్ పాటకి నక్క వచ్చిందా?" అని నవోమి ఆశ్చర్యపోయింది.

"క్వాయర్ అంతా పాడినంతసేపూ రాలేదు. నేనొక్కణ్ణే పాడినప్పుడు వచ్చింది!"