గిల్టు నగల పెట్టె, చర్నాకోల దెబ్బ

బందరు చిలకలపూడిలో చేసే గిల్టు నగలను సైకిలు మీద దివిసీమ ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్మడం నా మొదటి పని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాట తియ్యగా ఉంటే సరుకు అదే అమ్ముడుపోతుందని అనుకునేవాణ్ణి. సరుకిచ్చే షావుకారు మాత్రం నా చేతిలో ఒక ఆకురాయి పెట్టి, "ముందు గాజు మీద గీసి లోపలి రాగి చూపించు. మాటలు ఆ తర్వాత" అన్నాడు. అలాగే చేసేవాణ్ణి.

నాగాయలంక దగ్గర ఒక ఊరికి మొదటిసారి వెళ్ళిన రోజు ఆకురాయి తీసే వ్యవధి కూడా దొరకలేదు. ఒక ఇంటి అరుగు మీద పెట్టె తెరిచానో లేదో, వీపు మీద వాత పెట్టినట్టయింది. తిరిగి చూస్తే చర్నాకోల పట్టుకుని ఒక రైతు. రెండో దెబ్బ చెవి మీద తగిలింది.

"దొంగ వెధవా, మళ్ళీ మా ఊరే దొరికిందా నీకు?"

ఇంకో ఇద్దరు వచ్చి మీద పడ్డారు. ఒకడు పెట్టెను కాలితో తన్నాడు. గాజులూ గొలుసులూ బురదలో పడితే వాటిని తొక్కారు. నన్ను జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి బండి చక్రానికి కట్టేశారు. అంతకు ముందు నెలలో ఎవడో గిల్టు గొలుసును మేలిమి బంగారమని చెప్పి ఆ రైతు తల్లికి అంటగట్టి పోయాడట. ఆ సంగతి వాళ్ళ తిట్లలోంచి ఏరుకున్నాను.

"బాబూ, నేను ఈ ఊరు రావడం ఇదే మొదలు. మీ అమ్మగారిని పిలవండి. నన్ను చూసి ఆవిడే చెప్తారు."

మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. రక్తం ఉమ్మి, గొంతు పెంచకుండా, మళ్ళీ అదే మాట చెప్పాను. గొంతు పెంచితే చంపేస్తారని తెలుస్తూనే ఉంది.

చివరికి ఎవరో వెళ్ళి ఆ ముసలామెను పొలం నుంచి తీసుకొచ్చారు. నా మొహంలోకి వంగి చూసింది.

"వీడు కాదురా. వాడు పొట్టిగా, నున్నగా ఉన్నాడు. ఎవరి బిడ్డని కొట్టావురా" అంటూ కొడుకు చెంప మీద లాగి కొట్టింది.

కట్లు విప్పారు. అతను చర్నాకోల కింద పడేశాడు. నేను అక్కడితో ఊరుకోవలసింది. దాన్ని అందుకుని అతని మొహం మీద బలంకొద్దీ కొట్టాను. చెంప చీలి రక్తం కారింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఇంకోటి కొట్టు" అన్నాడు.

చెయ్యెత్తాను. తలుపుల సందుల్లోంచి ఆడవాళ్ళు చూస్తున్నారు. అప్పుడు వాళ్ళు భయపడుతున్నది నన్ను చూసి. చర్నాకోల వదిలేసి బురదలోంచి గాజులు ఏరుకున్నాను.

షావుకారు గాయాలకు పసుపు అద్దుతూ జరిగిందంతా విన్నాడు. "నువ్వు తిన్న దెబ్బలకి ఆ ఊరు నీదయ్యేది. నువ్వు వేసిన ఒక్క దెబ్బతో పోగొట్టుకున్నావు" అన్నాడు.

నిజమే. మరుసటి నెల వెళ్తే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పై నెలా అంతే. ఎండలో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసుకుంటూ నడిచి తిరిగొచ్చేవాణ్ణి. నడుస్తున్నంతసేపూ వీపు జలదరిస్తూనే ఉండేది. అయినా కోపం తగ్గలేదు. ఆ ఇంటి ముందుకు రాగానే పిడికిలి దానంతటదే బిగుసుకునేది.

మూడో నెలలో ఆ రైతే ఎదురొచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. చెంప మీద దెబ్బ మచ్చకట్టి ఉంది. కొడతాడనుకుని తల వంచాను.

"మా అరుగు మీద కూర్చో" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టి పక్కనే తనూ కూర్చున్నాడు. తప్పయిందని అతను అనలేదు, నేనూ అనలేదు. అతని తల్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. కాసేపటికి పక్కింటి కోడలు గడప దాటి వచ్చింది. ఆమెను చూసి మరో ఇద్దరు వచ్చారు. నేను పెట్టె మూసేదాకా అతను అక్కడి నుంచి లేవలేదు.