యుద్ధం వద్దన్న పాటకు ఎగిరిన మేనమామ

ఈ సాయంత్రం మదనపల్లెలో నా పాత విద్యార్థిని పెళ్లి రిసెప్షన్. పెళ్లికొడుకు జవాను, వచ్చే వారమే సరిహద్దుకు వెళ్లిపోవాలి. స్పీకర్లలో పాత ఇంగ్లిష్ డాన్స్ పాట మోగుతుంటే అందరూ ఎగురుతున్నారు.

"ఈ పాటలో ఏమంటాండారు మేడమ్?" అని పెళ్లికూతురు నవ్వుతూ అడిగింది.

"మా పిల్లల్ని యుద్ధానికి పంపొద్దు అంటున్నారు."

ఆమె కాళ్లు ఆగిపోయాయి. పెళ్లికొడుకు మేనమామ నా మీదికొచ్చాడు.

"పెండ్లిలో ఈ సావు మాటలు యాలమ్మా? సదువుకున్నదానివి గదా!"

"అయితే పాట ఆపించండి."

"పాటకేమైందమ్మా? బెమ్మాండంగా ఉండాది!"

సౌండ్ పెంచమని చెప్పి మళ్లీ ఎగిరాడు. పాట శుభమట, అర్థం చెప్పిన నేను అశుభమట!

ఆ అమ్మాయి మాత్రం మళ్లీ ఆడలేదు, భర్త చెయ్యి వదల్లేదు. చెప్పి తప్పు చేశానేమో, తెలియదు. ఆ మేనమామకు మాత్రం క్షమాపణ చెప్పను. మీరైతే ఆ పాట అర్థం చెప్పేవారా?