నేను వదిలేసిన వాక్యం

విదేశంలో జరుగుతున్న యుద్ధాన్ని చర్చలతో ఆపించమని మొదట తీర్మానం చేసిన ఊరు మాదేనని, రాసింది నేనని పేపర్లో వేశారు. శాలువా కప్పారు. కప్పించుకున్నాను. జరిగింది వేరు.

ములకలపల్లి అడవి పక్క పంచాయతీకి అప్పుడు నేను కార్యదర్శిని. ఆ ఊళ్ళో ఒకామె తమ్ముడు, బొగ్గు గనిలో కాంట్రాక్టు పని పోయాక, గోదాం పని ఇప్పిస్తానన్న ఏజెంటును నమ్మి పరాయి దేశం వెళ్ళాడు. అక్కడ చేతికి తుపాకి ఇచ్చి యుద్ధంలోకి తోశారు. కొన్నాళ్ళకు ఫోన్లు కూడా ఆగిపోయాయి.

గ్రామసభలో ఆమె లేచింది. "నా తమ్ముణ్ణి తెప్పియ్యాలె. రెండు దేశాలను కూసోబెట్టి మాట్లాడియ్యమని మన సర్కారుకు చెప్పాలె. అసెంబ్లీల, పార్లమెంటుల గిదే తీర్మానం చెయ్యాలె. లడాయి ఆగకుంటే ఇయ్యాల మావోడు, రేపు ఇంకోడు."

"అక్కా, మన ఊరికి బస్సే తెచ్చుకోలేదు, లడాయి ఆపుతామా?" అన్నాను. సభంతా నవ్వింది.

"బస్సు గురించి నువ్వెన్నడన్న రాసినవా సారూ?" అంది. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ ఉక్రోషంతోనే కావచ్చు, తమ్ముడి సంగతి మాత్రం రాసి, లడాయి ఆపించమన్న వాక్యం వదిలేశాను. మండలాఫీసులో ఎగతాళి చేస్తారన్న భయమూ ఉంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. తాతల కాలంలో చదవని కాగితం మీద వేలిముద్రలు వేసి పోడు భూమి పోగొట్టుకున్నారు. అప్పటినుంచి మూడుసార్లు పైకి చదివితేనే వేలిముద్ర వేస్తారు. నేను ఒకసారి చదివానో లేదో, ఆమె ఆపింది.

"లడాయి మాటేది?"

"అది పైవాళ్ళు చూసుకుంటారమ్మా."

"పైవాళ్ళకు చెప్పేటందుకే గదా రాయమన్నది!"

పక్కనున్న ముసలాయన సిరా డబ్బా మూత పెట్టేశాడు. ఒక్క వేలూ కదల్లేదు. తల వంచుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మూడుసార్లు చదివాను.

నకలు పట్టుకుని ఆమె పినపాక దాకా, తల్లాడ దాకా తిరిగింది. ఊరూరా గ్రామసభలు అదే తీర్మానం చేశాయి. ఎమ్మెల్యేకు దాన్ని అసెంబ్లీలో పెట్టక తప్పలేదు. అసెంబ్లీ ఏకగ్రీవంగా ఒప్పుకున్న రోజు పంచాయతీ టీవీ ముందు ఊరంతా ఈలలు వేసింది. పార్లమెంటులోనూ ఆ మాట లేచింది. మా ఒక్కరి వల్లే యుద్ధం ఆగిందని నేననను. ఎన్నో దేశాలు అడిగాయి. అడిగినవాళ్ళలో మేమూ ఉన్నాం. చర్చలు జరిగాయి, కాల్పులు ఆగాయి, బందీలనూ, బలవంతంగా యుద్ధంలోకి దింపిన పరాయి దేశాలవాళ్ళనూ వదిలారు. కొత్తగూడెం స్టేషన్లో ఆమె తమ్ముడు దిగినప్పుడు డప్పుల మోతకు రైలు కూత వినబడలేదు.

మొన్న ఆమె ఇంటికెళ్ళి, ఆ వాక్యాన్ని కావాలనే వదిలేశానని ఒప్పుకున్నాను.

"అవ్, నాకెర్కే" అంది ఆమె, మిరపకాయల తొడిమలు తీస్తూ. "ఇంకో దేశంల లడాయి నడుస్తున్నదట. కలం తెచ్చినవా?"