మస్టర్‌లో సూరమ్మ

2025 వేసవి. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, ఒక టైర్ల కొట్టు పైన మేడగది నా ఆఫీసు. నేను లేబర్ లా కన్సల్టెంట్‌ని. ఫ్యాక్టరీలవాళ్ళకి పనివాళ్ళ రిజిస్టర్లు సరిచూడటం, ఏటా ప్రభుత్వానికి పంపే రిటర్నులు తయారుచేయడం, ఇన్‌స్పెక్టర్ వస్తే యజమాని పక్కన నిలబడి మాట్లాడటం నా పని. మా వీధిలో అందరూ ప్లీడరమ్మ అంటారు. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను.

పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు ఇవాళో రేపో అమల్లోకి వస్తాయని ఆ వేసవంతా ఒకటే గోల. వాట్సాప్‌లో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తున్నారు. యజమానులు అది చదివి బెదిరిపోయి నాకు ఫోన్లు చేస్తున్నారు. అప్పల్నాయుడు గారైతే ఫోన్ కాదు, మనిషే వచ్చేశారు. నరసన్నపేట దాటాక హైవే పక్కన వాళ్ళ నాన్న పెట్టిన జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయనది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తారు.

"ఏటిది మేడమ్‌గారూ? ఒక్క ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ ఇచ్చీయాలట! తీసేస్తే పదిహేను రోజుల జీతం ఇంకేదో ఫండ్‌కి కట్టాలట! నాను ఫ్యాక్టరీ నడపాలా, సత్రం నడపాలా?"

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పాను. గ్రాట్యుటీ అంటే ఏళ్ళ తరబడి పనిచేసి మానేసేటప్పుడు చేతికిచ్చే డబ్బు. దానికి అయిదేళ్ళ సర్వీసు ఉండాలి. ఏడాదికే ఇవ్వాలన్నది ఇంత కాలానికి అని ఒప్పందం రాసి తీసుకున్నవాళ్ళకి మాత్రమే. ఫండ్ సంగతి నిజమే. తీసేసిన మనిషి వేరే పని నేర్చుకోవడానికి యజమాని పదిహేను రోజుల జీతం కట్టాలి. ఇక తీసేసినందుకు ఇచ్చే రిట్రెంచ్‌మెంట్ కాంపెన్సేషన్, సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, పాత చట్టంలోనూ ఉంది.

"పాత సట్టంలోనూ ఉన్నాదా?" అని ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. పిక్కలు కోసే మెషిన్ ఒకటి కొన్నారు. అది వస్తే పది మంది చాలు. ఎనిమిది మందిని చట్టం వచ్చేలోగా పంపేయాలి. పంపేసినట్టు కాకుండా వాళ్ళే మానేసినట్టు రాజీనామాలు కావాలి. అలా రాస్తే కాంపెన్సేషన్ పోతుంది, గ్రాట్యుటీ పోదు అన్నాను. "అదయినా తగ్గుతాది కదండీ, కాగితాలు మీరే తయారు చెయ్యండి" అన్నారు. వద్దని గట్టిగా చెప్పాల్సింది. చెప్తే ఈయన ఇంకో కన్సల్టెంట్ మెట్లు ఎక్కుతాడని భయపడి సరేనన్నాను. ఈ విషయంలో నన్ను నేను వెనకేసుకురాను.

పదకొండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీ రిటర్నులు నావే. ఎప్పుడు వెళ్ళినా ముందు గదిలో ఏసీ కింద కూర్చోవడం, ప్లేటులో పెట్టిన వేయించిన పప్పు తినడం, గుమాస్తా తెచ్చిన మస్టర్, అంటే హాజరు పుస్తకం, చూసి సంతకం పెట్టడం. ఇంతే. రాజీనామాలకి పేర్లు సరిచూసుకోవాలని వెళ్ళిన రోజే వెనక షెడ్డులోకి మొదటిసారి అడుగు పెట్టాను.

లోపల ఉడికిన పిక్కల వాసనకి కళ్ళు మండుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని, కాలితో తొక్కుతూ చేత్తో పిక్క పెడుతూ కొడుతున్నారు. జీడి రసం అంటకుండా అందరి చేతులకీ బూడిద. మెషిన్ సంగతి, పద్దెనిమిది మందిలో ఎనిమిది మంది సంగతి నాయుడు గారే చెప్పారు.  నేను మస్టర్ తీసి మొదటి పేరు పిలిచాను.

"రౌతు సూరమ్మ."

పుస్తకం ప్రకారం సూరమ్మ చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళు. చేరినప్పుడు వయసు ముప్ఫై ఎనిమిది. లేచి వచ్చిన మనిషికి ముప్ఫై అయిదు కూడా ఉంటాయో లేదో.

"నువ్వు కాదమ్మా, సూరమ్మ రావాలి."

"నానేనండి."

"నీ వయసు ఎంత? సూరమ్మ నీకేమవుతుంది?"

ఆమె పక్కవాళ్ళ వైపు చూసింది. "మా అత్తండి."

"మరి ఆవిడేదీ?"

"నేదు మేడమ్‌గారూ."

"ఊళ్ళో లేదా?"

"నేదండి. పోనాది. తొమ్మిదేళ్ళయింది."

 తొమ్మిదేళ్ళుగా చచ్చిపోయిన మనిషి నెలకి ఇరవయ్యారు రోజులు పనికి వచ్చిందని ఏటా రాసి, కింద నా సంతకం గీకి, స్టాంపు కొట్టి పంపాను. తరవాతి పేరు పిలిచాను. కోడలు వచ్చింది. ఆ తరవాతి పేరుకి చెల్లెలు. పద్దెనిమిది పేర్లలో పదకొండు ఇలాంటివే. వాటిలో నాలుగు చనిపోయినవాళ్ళవి. అడిగాక ఎవరూ దాచలేదు, ఎవరూ సిగ్గుపడలేదు. నేనొక్కదాన్నే చెమటలు కక్కుతున్నాను.

అది అక్కడి వాడుక. పీట ఇంటిది. అత్తకి చూపు ఆనకపోతే కోడలు వచ్చి అదే పీట మీద, అదే పేరు మీద కూర్చుంటుంది. కొత్త పేరు రాయిస్తే ఏడాదిపాటు కిలోకి తక్కువ రేటు ఇస్తారు, అందుకని రాయించరు. మేస్త్రికి పీట ఖాళీ లేకపోతే చాలు. ఇరవై మందికి లోపే కాబట్టి పీఎఫ్ లేదు, ఆధార్‌తో పేరు సరిపోల్చే అవసరం పడలేదు. వేలిముద్రయినా తేడా చూపేది కదా అనుకుని పాత జీతాల కాగితాలు తిరగేశాను. ఏళ్ళ తరబడి అన్నీ ఒకటే నల్లటి మచ్చ. జీడి రసానికి వేళ్ళ మీది గీతలన్నీ కరిగిపోయాయి. అత్తవీ లేవు, కోడలివీ లేవు.

నాయుడు గారికి ప్రాణం లేచి వచ్చింది. నన్ను పక్కకి పిలిచారు.

"పీడ వదిలింది మేడమ్‌గారూ. సచ్చినోళ్ళకి రాజీనామా ఏటి? ఆ పేర్లు కొట్టీసి, ఈళ్ళని ఈ నెలే కొత్తగా సేరినట్టు రాసీండి. ఏటీ ఇవ్వక్కర్నేదు."

ఆయన గొంతు తగ్గించలేదు. సూరమ్మ పేరు మీద ఉన్న ఆ అమ్మాయి వినేసింది. ఆమె పేరు నీలవేణి అని అప్పుడే తెలిసింది.

"పద్నాలుగేళ్ళు బాబూ!" అంది. అరవలేదు, బతిమాలలేదు. "పేరు మా అత్తది. పిక్కలు కొట్టింది నాను. ఆ పద్నాలుగేళ్ళు ఎవులు కొట్టినట్టు?"

నిజం చెప్పాలంటే ఒక్క కలం పోటుతో ఆ పద్నాలుగేళ్ళు మాయమయ్యేవి. చేతిలో కలం ఉంది కూడా. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ.

"రాస్తాను నాయుడు గారూ," అన్నాను. "కాకపోతే ఆ పేర్లు ఎందుకు కొట్టేశామో కూడా రాయాలి. అది రాస్తే చచ్చిపోయినవాళ్ళు పనిచేశారని రిటర్నులు పంపినందుకు ముందు నా మీద కేసు పడుతుంది. నా సంతకానికి పైన, యజమాని అన్నచోట సంతకం ఎవరిదో చూసుకోండి."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.  ఆ తరవాత మూడుసార్లు కూర్చున్నాం. రాజీనామాల మాట ఆగిపోయింది. ఎవరు ఏ పీట మీద ఎప్పటినుంచి ఉన్నారో రాయాలి, సాక్ష్యం పక్క పీటలవాళ్ళు. ఆ ఆడవాళ్ళు పొల్లుపోకుండా చెప్పారు. "తిత్లీ తుఫానుకి ముందేడు", "మా పెద్దాడు బడికెళ్ళిన ఏడు", ఇలా. ఎనిమిది మందికి నిజమైన సర్వీసు లెక్కన రావలసినవి వాయిదాల మీద ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. మిగిలిన పది మందిలో నీలవేణి ఉంది. కొత్త రిజిస్టర్‌లో ఆమె పేరు, పద్నాలుగేళ్ళ సర్వీసు.

రాయడం అయ్యాక ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. "మీ అత్తగారి పదిహేడేళ్ళకి గ్రాట్యుటీ మీ ఆయనకి వస్తుందమ్మా. ఆవిడ పోయిన తేదీ చెప్పు."

ఆమె తల తిప్పి మేస్త్రి ఎక్కడున్నాడో చూసుకుంది.

"ఇప్పుడు గట్టిగా సెప్పొచ్చాండి?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"భావనపాడులో మా ఆడబడుచు ఇంట్లో పోనాదండి. అప్పుడు ఇక్కడ ఎవులికీ సెప్పనేదు, సచ్చిపోనాదని తెలిస్తే పేరు కొట్టేత్తారని. ఊళ్ళో గట్టిగా ఏడవనేదు కూడా. నాలుగో రోజుకి వచ్చీసి పీట మీద కూకున్నాను. మేస్త్రి సూరమ్మా అని పిలిసినాడు. పలికినాను."

తరవాత తేదీ చెప్పింది. రాసుకున్నాను.

ఆ నవంబరులో కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. యజమానులు ఇప్పటికీ వచ్చి కొత్త చట్టం ముంచేసిందంటారు. ముందు పాత చట్టం ప్రకారం ఎవరికి ఏమివ్వాలో తెలుసా అని అడుగుతాను. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ముందు గదిలో కూర్చోవడం మానేశాను. నేరుగా షెడ్డులోకే వెళ్తాను. రిజిస్టర్ మూసి చంకలో పెట్టుకుంటాను. పేరు పిలవను. ఒక్కొక్కరి ముందూ నిలబడి, "నీ పేరేంటమ్మా?" అని అడుగుతాను.