పదకొండో నిమిషం గుట్ట

ఆ రోజుల్లో నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. డైరీలో రాసుకోనిదేదీ జరిగినట్టే కాదనుకునే వయసు. శ్రీకాకుళం దగ్గర ఒక ఫ్యాక్టరీ లేబ్‌లో కొత్త కెమిస్టుని, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి సూదితో చుక్క ఎక్కిస్తే, అందులోని గంధకపు పదార్థాలు ఒక్కొక్కటీ తన నిమిషానికి బయటికొచ్చి సన్నని మంటలో నీలంగా వెలుగుతాయి. ఆ వెలుగు మన కంటబడదు (అంతా మూసిన పెట్టెలోనే), దాన్ని చూసిన కలం మాత్రం కాగితం మీద గుట్ట గీస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఉత్త ద్రావకం ఎక్కించి చూడాలి, గీత తిన్నగా రావాలి. నాకు రాలేదు. సరిగ్గా పదకొండో నిమిషానికి కలం వణికి, ఒక గుట్ట గీసి, ఏమీ ఎరగనట్టు కిందికి దిగేది. మా పెద్దసారు ఎక్కిస్తే రాదు, నేను ఎక్కిస్తేనే వస్తుంది. సీసా మార్చాను, సూది మార్చాను. మిట్టమధ్యాహ్నం, కిటికీలన్నీ మూసిన ఆ గదిలో, పదో నిమిషం దాటేసరికి ఎవరో నా భుజం మీదుగా కాగితంలోకి చూస్తున్నట్టుండేది.

గాజుసామాను కడిగే ఆవిడని అందరం పిన్ని అనేవాళ్లం. ఆవిడ గుమ్మం దాటి రావడమే మానేసింది.

“ఆ కుర్సీలో నీకన్నా ముందు కూకున్న బాబు పోయి ఏడాది కానేదు. సేసే పని మజ్జిలో ఒగ్గీసి పోనాడు. నీ సేత సేయించుకుంతన్నాడేటో సూడు, నాయినా!”

“ఊరుకో పిన్నీ, ఇది సైన్సు!” అన్నాను. (అంటూనే ఆ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.)

పెద్దసారు మరోలా భయపెట్టారు. “సోమవారానికి కారణం తేలాలోయ్. లేదంటే నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద నేను సంతకం పెట్టను.”

ఆదివారం డైరీ ముందేసుకుని, గుట్ట వచ్చిన రోజులన్నిటికీ ఎర్రచుక్కలు పెట్టాను. చుక్కల పక్కన నా దస్తూరీలోనే మరో మాట ఉంది: ‘పొద్దున్న మందు రాసుకున్నాను.’ అద్దెగదిలో అంటుకున్న గజ్జికి, ఎవరికీ చెప్పకుండా వేళ్ల సందుల్లో పూసుకుంటున్న గంధకం లేపనం! ఆ వేళ్లతోనే రోజూ సూదిమొన తుడిచేవాణ్ణి.

సోమవారం తలొంచుకుని చెప్పేశాను. పెద్దసారు కుర్చీ వెనక్కి జరుపుకుని సంతకం పెట్టి, నా సంతకానికి కలం ఇచ్చారు. తిరిగివ్వబోతే “ఉంచుకోవోయ్, ఉంచుకో!” అన్నారు కంగారుగా.

పిన్ని గుమ్మంలోంచే నవ్వింది. “దెయ్యమైతే ఇబూది ఎట్టుదును. గజ్జికి నానేటి సేత్తాను నాయినా?”

నిన్న మధ్యాహ్నం ఆ డైరీ మళ్లీ తిరగేశాను. అప్పటి తొందరలో గమనించని ఒక బుధవారం కనబడింది. ఎర్రచుక్క ఉంది. పక్కన, ‘కొత్త సూది. మూడు రోజులుగా మందు లేదు.’

నేను తప్పు రాశాననుకుంటే నామోషీ, ఒప్పే రాశాననుకుంటే భయం. ఈ వయసులో నామోషీయే నయమనిపించింది. నవ్వుకుని, ఎందుకైనా మంచిదని ఒకసారి వెనక్కి చూసి, డైరీ మూసేశాను.