పెద్దనాన్న కాదన్న ఇల్లు

మా పెద్దనాన్నకు భాషలో ఒక్క మాట మీదే పూర్తి నమ్మకం: కాదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే ఆయన తల అడ్డంగా ఊగడం మొదలయ్యేది. "వాన పడుతోందండీ" అంటే, తడుస్తూ కూడా, "కాదు, తుంపర" అనేవాడు. డాక్టరు "మీకు బీపీ ఉంది" అంటే "కాదు, మీ మిషనుకు ఉంది" అని లేచి వచ్చేశాడు. ఫోటో తీసేవాడు "కాస్త నవ్వండి సార్" అని బతిమాలితే "కాదయ్యా, ఇందాకట్నుంచీ నవ్వుతూనే ఉన్నా" అన్నాడు.

నానమ్మ పోయాక ఆవిడ ఇల్లు నలుగురు పిల్లలకూ వచ్చింది. పెద్దనాన్న, పెద్దత్త, మా నాన్న వేరే ఇళ్లలో స్థిరపడినవాళ్లు. చిన్నత్త మాత్రం నానమ్మను చూసుకుంటూ, వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, అక్కడే ఉండేది. ఏం చెయ్యాలన్నా నలుగురూ సంతకం పెట్టాలి. అంటే పెద్దనాన్న కూడా పెట్టాలి. ఇక చూసుకోండి మా అవస్థ.

పక్కింటాయన కొంటానని కబురు పెట్టాడు.

"అమ్మేద్దామా అన్నయ్యా?" అన్నాడు నాన్న.

"కాదు."

"చాలా మంచి మనిషి."

"మనిషిని కాదన్లేదురా, అమ్మకాన్ని కాదన్నాను."

పెద్దత్త అందుకుంది. "పోనీ, పడగొట్టి నాలుగంతస్తులు లేపుదాం."

"కాదు. నా మోకాళ్లు ఒకటో అంతస్తుకే మొరాయిస్తున్నాయి."

"అద్దెకిద్దామా?"

"కాదు. అద్దెకొచ్చినవాడు గోడలకి మేకులు కొడతాడు."

చిన్నత్త మాత్రం ప్రతిదానికీ "మీ ఇష్టం" అని నవ్వి టీ తెచ్చేది. పెద్దనాన్న "కాదు, చల్లారిపోయింది" అంటూనే రెండు కప్పులు తాగేవాడు.

ఇలా మూడు నెలలు గడిచాయి. ఓ ఆదివారం నాన్న సహనం చచ్చి "ఇక కోర్టుకెక్కడమే!" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. కానీ అన్న మాట వెనక్కి రాలేదు. తర్వాతి వారం ఎవరి ఫోను ఎవరూ ఎత్తలేదు. అన్నం దగ్గర నాన్న కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచిపోయేవాడు.

చివరికి ఆయనకే ఓ ఉపాయం తట్టింది. "అమ్మొద్దని మనమే అందాం. అలవాటు కొద్దీ కాదంటాడు. ఆ మాట మీద పట్టుకుందాం."

పెద్దత్త సరేనంది. ఆదివారం అందరం చేరాం. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, బాగా ఆలోచించాం. ఇల్లు అమ్మకూడదు."

పెద్దనాన్న తల, నా కళ్లతో నేను చూశాను, నిలువుగా ఊగింది.

"సరే."

నాన్న నోరు తెరిచినవాడు మూయలేదు. "స... సరేనా?"

"సరే అన్నాగా! వీధివైపు వాటా చిన్నదానికి. మేడ నీకు. వెనక గదులు పెద్దదానికి. పెరట్లో ఖాళీ జాగా నాకు. దస్తావేజులు రాసే ఆయన్ని పిలు."

పెద్దత్త ఉన్నట్టుండి కళ్లు తుడుచుకుంది. "నిజం చెప్పనా? నాకసలు అమ్మడం ఇష్టం లేదురా తమ్ముడూ. నీకు ఇష్టమేమోనని..."

"అయ్యో అక్కయ్యా! నేను నీకిష్టమనుకుని చచ్చిపోతున్నాను!"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు. నాన్న అలా మనసారా నవ్వడం ఆ మూడు నెలల్లో అదే మొదటిసారి.

సంతకాల రోజున దస్తావేజులాయన మొత్తం చదివి వినిపించి, "మీకేం అభ్యంతరం లేదు కదండీ?" అని పెద్దనాన్నను అడిగాడు. అందరం ఆయన తల వైపే చూశాం.

"ఎందుకు లేదు? నా పేరులో దీర్ఘం పోయింది."

దీర్ఘం పెట్టించుకుని, సంతకం చేసి, ఆయన ముందుకు నడిచిపోయాడు. వెనక నేనూ చిన్నత్తా మిగిలాం.

"గండం గడిచింది కదత్తా!"

"మీ నానమ్మ పోయిన వారానికే నాకు వణుకు పట్టుకుందిరా. నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా ఈ వీధివాళ్లే. మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికెళ్లను? అలాగని మీ నాన్నో అక్కయ్యో అమ్ముదామంటే సరే అనేస్తాను. నాకు కాదనడం రాదు కదా! పెద్దన్నయ్య దగ్గర అదే చెప్పుకుని ఏడ్చాను."

"ఆయనేమన్నాడు?"

చిన్నత్త నవ్వింది.

"'అది నాకొచ్చుగా! నువ్వెళ్లి మిషను తొక్కుకో' అన్నాడు."