రెండు ముక్కుల బొమ్మ

హైదరాబాదులో మేనత్త చిత్రాల ప్రదర్శనకు వెళ్తే, రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన నన్ను సిరిసిల్లలోని మా మరమగ్గాల షెడ్డుకు లాక్కెళ్లింది. నా చిన్నప్పుడు, ఆర్ట్ కాలేజీ నుంచి సెలవులకొచ్చిన అత్త అక్కడే నన్ను కూర్చోబెట్టి బొమ్మ వేసింది. చూస్తే నాకు రెండు ముక్కులు, మూడు చెవులు. పెద్దయ్యాక ఇలాగే అవుతానేమోనని ఏడ్చాను.

“పోరనికి గిదేం రోగం బిడ్డా?” అంటూ నానమ్మ ఎండుమిరపకాయలతో నాకు దిష్టి తీసి, ఎందుకైనా మంచిదని బొమ్మకూ తీసింది.

“రోగం లేదు, పాడు లేదమ్మా. వీడు ఒక్కకాడ కూసుంటెనా? ఎటు తిరిగితే అటు గీసిన,” అంది అత్త.

అయినా చాలా రోజులు, లేవగానే అద్దంలో ముక్కు ఒక్కటే ఉందా అని చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు అత్త పేరున్న చిత్రకారిణి. ఆమె బొమ్మల్లో ప్రతి మొహానికీ రెండేసి ముక్కులే. ఆమె మీద పాశ్చాత్య ఆధునికుల ప్రభావం గురించి విమర్శకులు పేజీలకు పేజీలు రాస్తున్నారు. నా ప్రభావం గురించి ఎవరూ రాయలేదు.